గిటార్ ఆంప్‌కి గ్రిల్ క్లాత్ మీరే మార్చుకోవడం ఎలా?

ఆంప్ మోత బాగానే ఉంది. స్పీకరు ముందున్న బట్ట, అంటే గ్రిల్ క్లాత్, మాత్రం చిరిగిపోయింది, లేదా వదులై వేలాడుతోంది, లేదా ఎప్పుడో ఒలికిన టీ మరక ఎంత తుడిచినా పోవట్లేదు. ఇలాంటప్పుడు అందరూ అడిగేవి మూడే: ఏ బట్ట కొనాలి, ఆ బట్ట బిగించిన బోర్డు ఎలా ఊడదీయాలి, గీతలు వంకర పోకుండా బట్టను ఎలా లాగాలి. మొదటి రెండూ తేలిక. పని బాగా వచ్చిందా లేదా అన్నది మూడోదాని మీదే ఉంటుంది. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ చెబుతున్నాం.

దీనికి ఎలక్ట్రీషియన్ చెయ్యి కన్నా దర్జీ కన్ను ఎక్కువ అవసరం. పని ఒక పూటది. బోర్డుకి రంగు వేస్తే ఆరడానికి ఇంకో రోజు పడుతుంది. కొలతలకు 12 అంగుళాల స్పీకరు ఒకటే ఉన్న మామూలు కాంబో ఆంప్‌ను (ఆంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉండేది) ఉదాహరణగా తీసుకున్నాం.

అసలు మార్చాల్సిందేనా?

బట్ట చిరగకుండా వదులు మాత్రమే అయితే ముందు హెయిర్ డ్రయ్యర్‌తో ప్రయత్నించండి. ఫెండర్ తరహా వెండి-నలుపు బట్ట ప్లాస్టిక్ పోగులతో నేసింది. వేడి తగిలితే ముడుచుకుని బిర్రుగా అవుతుంది. డ్రయ్యర్‌ను 15 సెం.మీ. దూరంలో పట్టుకుని, ఎక్కడా ఆపకుండా గుండ్రంగా తిప్పుతూ రెండు మూడు నిమిషాలు వేడి ఇవ్వండి. చాలా ఆంప్‌లకు ఇదే సరిపోతుంది.

మురికైతే మెత్తని బ్రష్ తగిలించిన వాక్యూమ్ క్లీనర్‌తో దుమ్ము లాగి, గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల డిష్ వాష్ లిక్విడ్ కలిపి, గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. నీళ్ళు కారేంత తడిగా వద్దు. బట్ట వెనకే స్పీకరు కోన్, అంటే కదిలి ధ్వని పుట్టించే కాగితపు గరాటు, ఉంటుంది.

చిన్న చిరుగైతే వెనక నుంచి నల్లబట్ట ముక్క అతికిస్తే చాలు.

1960లు, 70ల నాటి అసలు ఆంప్ మీ దగ్గరుంటే ఒక్కసారి ఆగి ఆలోచించండి. అలాంటివాటి విలువలో అసలు బట్టకూ భాగం ఉంటుంది. మార్చక తప్పదంటే పాత బట్టను పారేయకుండా చుట్ట చుట్టి దాచండి. మడత పెట్టకండి.

మీ ఆంప్ ఏ రకం?

వెనక వైపు నుంచి టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది.

మొదటి రకంలో స్పీకరు బిగించిన చెక్కకే, అంటే బాఫిల్ బోర్డుకే, బట్ట చుట్టి వెనక స్టేపుల్ పిన్నులు కొట్టి ఉంటారు. బట్ట మార్చాలంటే స్పీకరు తీయాలి, బోర్డు తీయాలి. పని ఎక్కువ ఉన్నది ఇందులోనే.

రెండో రకంలో బట్టకు విడిగా సన్నని చెక్క ఫ్రేము ఉంటుంది. వెల్క్రోతోనో, ముందు నుంచి స్క్రూలతోనో అతికి ఉంటుంది. కింది అంచున రెండు చేతుల వేళ్ళూ దూర్చి మెల్లగా లాగితే కదులుతుంది. స్పీకరు జోలికి వెళ్ళక్కర్లేదు. మీది ఇదే అయితే 2, 3 మెట్లు వదిలేయండి.

మూడో రకంలో బోర్డు క్యాబినెట్‌కి (ఆంప్ చెక్కపెట్టెకి) జిగురుతో అతికి ఉంటుంది. బట్టను ముందు వైపే పిన్నులతో కొట్టి, అంచు మీద పైపింగో బీడింగో వేసి ఉంటారు. దీన్ని బలవంతంగా ఊడదీస్తే క్యాబినెట్ విరుగుతుంది. పైపింగ్ మాత్రం తీసి, పని ముందు నుంచే చేయండి.

బట్టకు బదులు ఇనుప జాలీ ఉన్న ఆంప్‌లకు ఈ పద్ధతి పనికిరాదు.

కావలసినవి

- గ్రిల్ క్లాత్ 1 మీటరు
- స్టేపుల్ గన్, 8 మి.మీ. పిన్నులు ఒక పెట్టె (పనికి పట్టేవి 90 నుంచి 120)
- స్టార్ స్క్రూడ్రైవరు, సన్నని ఫ్లాట్ స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లేయరు
- పదునైన పెద్ద కత్తెర, కొత్త బ్లేడు వేసిన కట్టరు
- మాస్కింగ్ టేపు, సుద్దముక్క, కొలత టేపు, మూలమట్టం
- మ్యాట్ నలుపు రంగు 100 మి.లీ., చిన్న బ్రష్
- హెయిర్ డ్రయ్యర్, సోల్డరింగ్ ఐరన్ (ప్లాస్టిక్ బట్టకైతేనే)
- చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గరుండే ఆరె, లేదా లావుపాటి సూది
- కళ్ళజోడు. పాత పిన్నులు పీకేటప్పుడు ఎగిరి వస్తాయి

పిన్ను పొడవు విషయంలో జాగ్రత్త. 12 మి.మీ. బోర్డుకి 8 మి.మీ. పిన్ను సరిపోతుంది, 18 మి.మీ. దానికి 10 మి.మీ. అయినా ఫరవాలేదు. రెండో రకం ఆంపులో ఫ్రేము 6 మి.మీ. ప్లైవుడ్ అయితే మాత్రం 4 మి.మీ. పిన్నే వాడాలి. పొడవైతే మొన ముందుకు పొడుచుకొస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉండేవాళ్ళు స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు అడిగి తీసుకోండి. మామూలువి ఉప్పుగాలికి తుప్పు పట్టి బట్ట మీద గోధుమరంగు మచ్చలు వదులుతాయి.

స్టేపుల్ గన్ లేకపోతే దాని కోసం కొనక్కర్లేదు. సోఫాలు కుట్టే పనివాళ్ళ దగ్గర గాలితో కొట్టే గన్ ఉంటుంది. బట్టను సుద్దతో గీసుకుని వెళ్ళి, లాగే పని మీరే చేస్తూ పిన్ను మాత్రం వాళ్ళ చేత కొట్టించుకోండి. మొత్తం వాళ్ళకి అప్పజెప్పకండి. సోఫా బట్ట లాగే అలవాటులో గట్టిగా లాగేస్తారు, గీతలు వంగిపోతాయి.

ఏ బట్ట?

ఆంప్ గ్రిల్ క్లాత్ అని ప్రత్యేకంగా అమ్మేది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఫెండర్ తరహా వెండి బట్ట, మార్షల్ తరహా నలుపు-తెలుపు చుక్కల బట్ట, వాక్స్ తరహా గోధుమరంగు డైమండ్ బట్ట, మూడూ వస్తాయి. ఆంప్ పాత రూపంలోనే ఉండాలంటే వీటికి సాటి లేదు. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకు ఇవి గజాల లెక్కన తేలిగ్గా దొరుకుతాయి. అక్కణ్ణుంచి ఎవరైనా వస్తుంటే తెప్పించుకోవచ్చు. చుట్టగా తెమ్మనండి. మడత పడితే ఆ గీత డ్రయ్యర్‌కి కూడా పూర్తిగా పోదు.

తేలిగ్గా దొరికే ప్రత్యామ్నాయం స్పీకరు జాలీ బట్ట. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట స్పీకరు సామాన్లు అమ్మే కొట్లలో అడగండి. నల్లది, పాలిస్టరు, అన్ని వైపులకూ సాగుతుంది. గీతలు ఉండవు కాబట్టి వంకర పోయినా కనబడదు. మొదటిసారి చేసేవాళ్ళకు నేరుగా ఇదే సూచిస్తాం.

చేనేత బట్ట వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. వేయొచ్చు, కాని ముందు ఊది చూడండి. బట్టను పెదవులకు ఆనించి, అవతల అరచెయ్యి పెట్టి ఊదండి. గాలి ఆటంకం లేకుండా చేతికి తగిలితే పనికొస్తుంది. బుగ్గలు ఉబ్బాల్సి వస్తే వద్దు. పోచంపల్లి ఇక్కత్ చూడ్డానికి ఎంతో బాగుంటుంది గాని, నేత చిక్కనైతే ధ్వనిలో పదును తగ్గుతుంది. గిటార్ స్పీకర్లు ఎటూ సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన పెద్దగా మోగవు. ఆ కిందనున్న 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ భాగమే బ్యాండులో మీ గిటారును వినిపించేలా చేసేది. దాన్ని బట్ట మింగేయకూడదు. పైగా నూలు బట్ట గాలిలో తేమ మారినప్పుడల్లా సాగుతూ, బిగుస్తూ ఉంటుంది. వెనక రబ్బరు పూత ఉన్న సోఫా బట్ట, కర్టెను బట్ట అసలే వద్దు.

కుర్చీలకు అల్లే పేము జాలీ కూడా బాగుంటుంది. దాన్ని అరగంట నీళ్ళలో నానబెట్టి తడిగానే బిగిస్తే ఆరుతూ బిర్రుగా అవుతుంది. వెనక ఒక పొర నల్ల జాలీ బట్ట వేయకపోతే మాత్రం పేము గీరుకుని గలగలమంటుంది.

మెట్టు 1: కరెంటు, ఫోటోలు

ప్లగ్గు పీకండి. ట్యూబ్ ఆంప్ (గాజు వాల్వులతో నడిచేది) అయితే అరగంట చల్లారనివ్వండి. పవర్ ట్యూబులు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ట్యూబ్ ఆంప్ ఛాసిస్ (సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె) లోపలి కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా 400 వోల్టులు, కొన్నింటిలో అంతకన్నా ఎక్కువే, నిలిచి ఉండవచ్చు. అది ప్రాణం తీయగలదు. బట్ట మార్చడానికి మామూలుగా ఛాసిస్ తీయక్కర్లేదు. కొన్ని చిన్న కాంబోలలో మాత్రం ఛాసిస్ అడ్డంగా ఉండి బోర్డు బయటికి రాదు. మీది అలాంటిదైతే ఆ ఒక్క పని ఆంప్‌లు బాగుచేసేవాళ్ళ చేత చేయించుకోండి. లోపల చెయ్యి పెట్టకండి.

ముందు నుంచి రెండు, వెనక నుంచి నాలుగు ఫోటోలు తీసుకోండి. బట్ట గీతలు నిలువా అడ్డమా, లోగో అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్లు, స్పీకరు వైర్లలో ఏ రంగుది ఏ టెర్మినల్‌కి వెళ్ళింది, ఈ మూడూ స్పష్టంగా కనబడాలి. బట్ట ఊడాక ఇవి ఎవరికీ గుర్తుండవు.

మెట్టు 2: స్పీకరు తీయడం

ఆంప్‌ను ముఖం కిందికి పెట్టి మెత్తని దుప్పటి మీద పడుకోబెట్టండి. వైర్లు క్లిప్పులతో ఉంటే వైరు పట్టుకుని కాకుండా క్లిప్పు పట్టుకుని లాగండి. సోల్డర్ చేసి ఉంటే, వైరు పొడవు చాలితే స్పీకరును పక్కకు జరిపి అలాగే ఉంచొచ్చు. రివర్బ్ (ప్రతిధ్వని చేర్చే ఏర్పాటు) ఉన్న ఆంప్‌లో అడుగున స్ప్రింగుల డబ్బా ఉంటుంది. దాన్ని కదపక్కర్లేదు.

స్పీకరుకి నాలుగో ఎనిమిదో స్క్రూలు ఉంటాయి. ఇక్కడ జరిగే ప్రమాదం ఒకటే, కాని ఖరీదైనది. అయస్కాంతం స్క్రూడ్రైవరును ఒక్కసారిగా లాక్కుంటుంది, మొన కోన్‌లో దిగబడుతుంది. అందుకే రెండో చేత్తో స్క్రూడ్రైవరు కాడను పట్టుకునే తిప్పండి. 12 అంగుళాల స్పీకరు మూడు నుంచి ఆరు కిలోలు తూగుతుంది. ఫ్రేము పట్టుకుని ఎత్తండి, కోన్‌కి వేళ్ళు తగలనివ్వకండి. తీశాక అయస్కాంతం కిందికి వచ్చేలా పెట్టి, పైన అట్టపెట్టె బోర్లించండి. పీకిన పిన్నులు ఎగిరి అయస్కాంతానికి అతుక్కోకుండా వేరే గదిలో పెడితే ఇంకా మంచిది.

మెట్టు 3: బోర్డు తీయడం

బోర్డును పట్టి ఉంచే స్క్రూలు మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది. అన్నీ తీశాక కూడా కదలకపోతే సుత్తి పట్టకండి. ఏళ్ళ తరబడి బట్ట, టోలెక్స్ (పెట్టెకు చుట్టిన వినైల్ తొడుగు) ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. నాలుగు వైపులా అట్టముక్క దూర్చి జరుపుతూ విడదీయండి. కొన్ని బోర్డులు ముందుకి వస్తాయి, కొన్ని వెనక్కి. బలం పెట్టేముందు ఎటు వస్తుందో చూసుకోండి. 1968, 69 నాటి ఫెండర్లలో బట్ట చుట్టూ అల్యూమినియం పట్టీ ఉంటుంది. అది వంగితే మళ్ళీ తిన్నగా రాదు, దాన్ని ముందే జాగ్రత్తగా విడదీయండి.

మెట్టు 4: పాత బట్ట

లోగో ముందు తీయండి. సన్నని ఫ్లాట్ స్క్రూడ్రైవరుతో పిన్ను ఒక కాలు లేపి, కటింగ్ ప్లేయరుతో లాగండి. విరిగిపోయిన పిన్ను ముక్క బయటికి రాకపోతే సుత్తితో లోపలికి కొట్టేయండి. పైకి తేలి ఉంటే కొత్త బట్టను చింపుతుంది.

పాత బట్ట మూలలు ఎలా మడిచారో చూడండి. మీరూ అదే పద్ధతిలో మడవాలి. బట్ట మందాన్ని కూడా వేళ్ళ మధ్య పట్టుకుని కొత్తదాంతో పోల్చండి. కొత్తది మందంగా ఉంటే ఇప్పుడే, బట్ట వేయకముందే, ఆ ముక్కను అంచున పెట్టి బోర్డు క్యాబినెట్‌లో ఎక్కుతుందో లేదో చూడండి. బిగుతుగా ఉంటే బోర్డు అంచును సాండ్ పేపరుతో ఒక మిల్లీమీటరు అరగదీయండి. ఈ పరీక్ష వదిలేసినవాళ్ళే చివర్లో బోర్డును గుద్ది లోపలికి తోసి, కొత్త బట్ట అంచును గీరి పాడుచేసుకుంటారు.

మెట్టు 5: నలుపు

బోర్డు ముందువైపు తెల్లచెక్కగా ఉంటే మ్యాట్ నలుపు వేయండి. లేకపోతే బట్ట వెనక స్పీకరు రంధ్రం గుండ్రంగా కనబడుతుంది. మెరిసే రంగు వద్దు, స్టేజి లైటు పడితే బట్ట లోంచి మెరుస్తుంది. ఒక పూత చాలు. 24 గంటలు ఆరనివ్వండి. పైకి ఆరినట్టున్నా లోపల పచ్చిగా ఉంటే బట్ట అతుక్కుని మరక పడుతుంది.

మెట్టు 6: కోత

బోర్డు 50 × 40 సెం.మీ., మందం 12 మి.మీ. అనుకుందాం. ఒక్కో వైపు మందానికి 1.2, వెనక పిన్ను కొట్టడానికి 3, చేత్తో పట్టి లాగడానికి మరో 3, మొత్తం సుమారు 7 సెం.మీ. కలపాలి. అంటే 64 × 54 సెం.మీ. ముక్క కావాలి. అర మీటరు కొంటే 4 సెం.మీ. తక్కువ పడుతుంది. అందుకే మీటరు కొనమన్నాం. మిగిలిన ముక్క డ్రయ్యర్ వేడిని పరీక్షించడానికి పనికొస్తుంది.

కత్తెర పెట్టేముందు కోసే గీత పొడుగునా మాస్కింగ్ టేపు అంటించి, టేపు మధ్యలోంచి కోయండి. పోగులు ఊడిరావు. టేపును పని పూర్తయ్యేదాకా ఉంచండి. పట్టి లాగడానికి అదే పిడిలా ఉపయోగపడుతుంది.

కోత పోగు వెంటే సాగాలి. కొలత టేపుతో కొలిచి గీసిన గీత బట్ట నేతకు ఐమూలగా పోవచ్చు. ఒక పోగును ఎంచుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కంటితో దాన్నే అనుసరించండి.

మెట్టు 7: లాగడం

తొందరపడకుండా చేయాల్సింది ఇది. గంట పట్టినా ఫరవాలేదు.

బోర్డు వెనక నాలుగు అంచుల మధ్యలోనూ సుద్దతో గుర్తు పెట్టండి. బట్ట వెనక వైపు కూడా నిలువుగా ఒక పడుగు పోగు మీద, అడ్డంగా ఒక పేక పోగు మీద సరిగ్గా మధ్యన గీత గీయండి. శుభ్రంగా తుడిచిన బల్ల మీద బట్టను బోర్లించి, దాని మీద బోర్డును బోర్లించి, గుర్తులు కలపండి.

మొదటి పిన్ను పై అంచు మధ్యలో. రెండోది దానికి ఎదురుగా కింది అంచు మధ్యలో, బట్టను మెత్తగా లాగి. మూడు, నాలుగు ఎడమ, కుడి అంచుల మధ్యలో. ఈ నాలుగింటినీ సన్నని అట్టముక్క మీంచి కొట్టండి. తర్వాత అట్టను లాగితే పిన్ను తేలిగ్గా ఊడొస్తుంది. అంచుకు పిన్నుకు మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఉండాలి. ఎండీఎఫ్ బోర్డుకు అంచున కొడితే చీలుతుంది.

ఇప్పుడు బోర్డును తిప్పి నిలబెట్టి, రెండు మీటర్ల దూరం నుంచి చూడండి. మధ్య గీతకు మూలమట్టం పెట్టండి. ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా ఇప్పుడే తీసి మళ్ళీ కొట్టండి. నలభై పిన్నులు కొట్టాక ఆ ఒక్క మిల్లీమీటరూ మూల దగ్గరికి వచ్చేసరికి అర సెంటీమీటరు అవుతుంది.

సరిగ్గా ఉంటే మధ్య నుంచి మూలల వైపు సాగండి. పై అంచున మధ్య పిన్నుకి రెండు పక్కలా ఒక్కొక్కటి, తర్వాత కింద అలాగే, తర్వాత ఎడమ, తర్వాత కుడి. పిన్నుకి పిన్నుకి మధ్య 2.5 సెం.మీ. ఒక అంచంతా పూర్తిచేసి రెండో అంచుకు వెళ్ళకండి. అలా చేస్తే బట్ట అంతా ఒక పక్కకు జరిగి, ఎదుటి అంచుకు వచ్చేసరికి ఎంత లాగినా గీతలు తిన్నగా నిలవవు.

ఎంత లాగాలి? అరచేత్తో బట్టను నొక్కితే కొద్దిగా లోపలికి వెళ్ళి, వదలగానే తిరిగి రావాలి. ప్లాస్టిక్ బట్టకు ఇక్కడ ఆపేయండి. మిగిలిన బిగువు వేడి చూసుకుంటుంది. చాలామంది మొదట్లోనే బలమంతా పెట్టి లాగుతారు. అప్పుడు ఒక్కో పిన్ను దగ్గరా బట్ట కుదురుకుని, అంచు గీత అలలుగా వంపులు తిరుగుతుంది. రెండు వేళ్ళతో చిటికెడు బట్ట పట్టి లాగడమే దీనికి కారణం. అంచును ఒక చెక్క స్కేలుకి ఒక చుట్టు చుట్టి, స్కేలు మొత్తాన్ని లాగండి. బిగువు 30 సెం.మీ. పొడవునా సమానంగా పడుతుంది, వంపులు రావు. గీతలున్న బట్టకు, ఇక్కత్‌కు ఈ స్కేలు తప్పనిసరి.

మెట్టు 8: మూలలు

మూలకు 5 సెం.మీ. ఇవతలే పిన్నులు ఆపండి. ముందు మూల కొసను లోపలికి, ఐమూలగా మడిచి ఒక పిన్ను కొట్టండి. తర్వాత రెండు పక్కల నుంచీ మడతలు వేసి, వెనక్కి తెచ్చి, చదునుగా నొక్కి పిన్నులు వేయండి. వెనక మిగిలిన త్రికోణపు ముక్కను కోసేయండి. బోర్డు కొసకు 5 మి.మీ. దాకా మాత్రం కత్తెర రానివ్వొద్దు. అంతకన్నా దగ్గరికి కోస్తే ముందు నుంచి చిన్న చిల్లు కనబడుతుంది, దాన్ని దాచే దారి ఉండదు.

మూలలో బట్ట ఎన్ని పొరలైతే బోర్డు అంత మందమవుతుంది. మూడు పొరలు మించితే మడత విప్పి మళ్ళీ వేయండి. చివరగా రబ్బరు సుత్తితో మెల్లగా కొట్టి చదును చేయండి. పైకి తేలిన ప్రతి పిన్నునూ లోపలికి దించండి. బోర్డు ఆనే పట్టీ మీద పిన్ను తల ఆనుకుంటే తర్వాత జుమ్మని మోగుతుంది.

మెట్టు 9: వేడి

ప్లాస్టిక్ బట్టకే. మిగిలిన ముక్క మీద ముందు పరీక్షించండి: ముడుచుకుంటోందా, కరుగుతోందా, ఏమీ కావట్లేదా? ముడుచుకుంటే బోర్డు మధ్య నుంచి అంచులకు, 15 సెం.మీ. దూరం నుంచి, ఎక్కడా రెండు సెకన్లు మించి ఆపకుండా వేడి ఇవ్వండి. హీట్ గన్ ఉంటే అతి తక్కువ వేడి పెట్టి, 30 సెం.మీ. దూరంలో వాడండి. కరిగిన పోగు మళ్ళీ రాదు. నూలు బట్టకు, జాలీ బట్టకు ఈ మెట్టే వద్దు.

మెట్టు 10: రంధ్రాలు, బిగింపు

స్క్రూ నేరుగా బట్ట లోంచి తిప్పితే పోగును చుట్టుకుని లాగేస్తుంది. బట్ట ముందు వైపున పొడుగునా ఒక గీత పడుతుంది. పూర్తయిన పని ఒక్క క్షణంలో పాడయ్యేది ఇక్కడే. ప్లాస్టిక్ బట్ట అయితే స్క్రూ చోట వేడి సోల్డరింగ్ ఐరన్ మొన ఆనించి రంధ్రం చేయండి, అంచు కరిగి బిగుసుకుంటుంది. నూలు బట్ట అయితే ఆరెతో పోగులను కోయకుండా పక్కకు జరపండి. లోగో పిన్నులకూ ఇదే పద్ధతి. ఫోటోలో కొలిచిన చోటే, రెండుసార్లు చూసుకుని గుచ్చండి.

బోర్డును క్యాబినెట్‌లో పెట్టి స్క్రూలన్నీ వదులుగా ఎక్కించి, ఆ తర్వాత ఒక్కొక్కటీ బిగించండి. స్పీకరు స్క్రూలను కారు చక్రం నట్లలా ఎదురెదురుగా బిగించాలి. చేతికి ఆగిన చోట నుంచి ఇంకో పావు చుట్టు చాలు. ఒక పక్కే ఎక్కువ బిగిస్తే స్పీకరు ఫ్రేము వంగి, వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) గీరుకుంటుంది.

వైర్లు ఫోటో చూసి పెట్టండి. పాత జేబీఎల్ స్పీకర్లలో పోలారిటీ (ప్లస్-మైనస్ వరస) మిగతావాటికి తలకిందులుగా ఉంటుంది. అందుకే టెర్మినల్ రంగును కాకుండా మీ ఫోటోనే నమ్మండి. రెండు స్పీకర్లున్న ఆంప్‌లో ఒక దాని వైర్లు తిరగబడితే బేస్ మాయమవుతుంది. అనుమానముంటే ఆంప్ వైర్లు విప్పి, 1.5 వోల్టుల బ్యాటరీని రెండు స్పీకర్లకూ విడివిడిగా, ఒకే విధంగా క్షణం తాకించండి. కోన్లు రెండూ ఒకే వైపుకు కదలాలి.

స్పీకరు తగిలించకుండా ట్యూబ్ ఆంప్‌ను ఎప్పుడూ ఆన్ చేయకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

సరిగ్గా వచ్చిందా? ఇలా చూడండి

ఆన్ చేసేముందు కోన్ మీద రెండు చేతుల వేళ్ళూ సమానంగా ఆనించి వెనక నుంచి మెల్లగా నొక్కండి. గీరిన చప్పుడు వస్తే స్క్రూలు వదులు చేసి మళ్ళీ బిగించండి. స్పీకరు బోర్డు వెనక బిగించి ఉంటే కోన్‌కి, బట్టకి మధ్య బోర్డు మందమంత దూరం ఉంటుంది. ముందు నుంచి బిగించే స్పీకర్లకు ఆ దూరం ఉండదు. కోన్ ముందుకొచ్చి బట్టకు తగిలి పటపటమంటుంది. వాటికి చుట్టూ 10 మి.మీ. చెక్కపట్టీ వేసి బట్టను ఎత్తాలి.

చీకటి గదిలో పక్క నుంచి టార్చి వేయండి. మామూలు వెలుతురులో కనబడని ముడతలు, అలలు నీడల్లా తేలుతాయి.

తర్వాత వాయించండి. గిటారులో అన్నిటికన్నా లావైన తీగ (E) 82 హెర్ట్జ్. దాన్ని ఖాళీగా మీటి, వాల్యూమ్ కొంచెం కొంచెంగా పెంచండి. ఫోన్లో టోన్ జనరేటరు ఉంటే కేబుల్‌తో కలిపి, తక్కువ వాల్యూములో 60 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా జరపండి. ఎక్కడైనా జుమ్మంటే బోర్డు అంచుల మీద అరచెయ్యి నొక్కుతూ పోండి. ఎక్కడ నొక్కితే ఆగుతుందో అక్కడే లోపం. అంచున ఆగితే బోర్డు స్క్రూ వదులు, లేదా పైకి తేలిన పిన్ను. లోగో మీద ఆగితే దాని వెనక చిన్న ఫెల్టు ముక్క పెట్టండి. బట్ట మధ్యలో నొక్కితే ఆగిందంటే బిగువు చాలలేదు, ప్లాస్టిక్ బట్టైతే మళ్ళీ డ్రయ్యర్ పట్టండి. ఎక్కడ నొక్కినా ఆగకపోతే అది బట్ట సమస్య కాకపోవచ్చు. ట్యూబులు, రివర్బ్ డబ్బా చూడాలి.

ధ్వని మందగించినట్టు అనిపిస్తే నమ్మకంగా తేల్చుకునే దారి ఉంది. మిగిలిన బట్ట ముక్కను ఆంప్ ముందు ఇంకో పొరగా పట్టుకుని వాయించండి. ఆ రెండో పొరకు ధ్వని బాగా తగ్గితే మొదటి పొర కూడా అంతే తగ్గిస్తోందని అర్థం. బట్ట మార్చాలి. తేడా తెలియకపోతే మందగించింది బట్ట వల్ల కాదు.

రెండు వారాలు వాయించాక స్పీకరు స్క్రూలు, బోర్డు స్క్రూలు ఒకసారి సరిచూడండి. కొత్త బట్ట నలిగి సర్దుకుంటుంది కాబట్టి ఒకటి రెండు స్క్రూలు పావు చుట్టు వదులవుతాయి.

నూలు బట్ట వేసినవాళ్ళు మొదటి వానాకాలం దాటాక కింది అంచు చూడండి. అక్కడ వదులైతే కింది వరుస పిన్నులు మాత్రం తీసి లాగి కొట్టుకోవచ్చు. అందుకోసం వెనక కనీసం 2 సెం.మీ. బట్ట వదిలిపెట్టి ఉండాలి.